వేట నేర్చుకోవాలనుందా? ఉడుత దగ్గర మొదలుపెట్టండి

రండి, కుర్చీ ఇలా మంట దగ్గరికి లాక్కోండి. హ్యూస్టన్‌లో చలి ఉండేదే నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ పెరట్లో కట్టెలు రాజేసి కూర్చోకపోతే మనసొప్పదు. టీ వస్తోంది. ఈలోగా వేట కబుర్లు చెప్పుకుందాం.

ఈమధ్య మన కుర్రాళ్ళు చాలామంది అడుగుతున్నారు. "వేటకెళ్ళాలనుంది అంకుల్. మాకు పొలాల్లేవు, తీసుకెళ్ళేవాళ్ళు లేరు, మా ఇంట్లో తుపాకీ పట్టినవాళ్ళే లేరు. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని. నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. జింక సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు ఉడుత, కుందేలు. అదీ అందరి సొత్తయిన అడవిలో. చిన్న వేటని చిన్నచూపు చూడకండి. అడవిని చదవడం, చేతిని అదుపులో పెట్టుకోవడం, ఈ రెండూ దానంత బాగా ఇంకేదీ నేర్పదు.

ముందు అడవి సంగతి. టెక్సస్‌లో నూటికి తొంభై అయిదు వంతుల పైచిలుకు నేల సొంతదారులదే. కంచె దాటితే నేరం. జింకల వేటకి పొలం లీజుకు తీసుకోవాలంటే డబ్బు కుమ్మరించాలి. అలాగని మనకి దారి లేకపోలేదు. ఐ-45 పట్టుకుని ఉత్తరంగా వెళ్ళండి. కాన్రో దాటి న్యూ వేవర్లీ వైపు వెళ్తుంటే సామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్ వస్తుంది. దాదాపు 1,63,000 ఎకరాల అడవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలప కంపెనీలు తూర్పు టెక్సస్‌లో పైన్ అడవుల్ని ఊడ్చిపెట్టినట్టు నరికేసి, మొద్దులు మిగిల్చి పోయాయి. 1930ల్లో ఫెడరల్ ప్రభుత్వం ఆ బోడి నేలలు కొనింది. పనుల్లేని కుర్రాళ్ళకి పని చూపించడానికి పెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ వాళ్ళు వచ్చి మొక్కలు నాటారు. 1936లో ప్రెసిడెంటు రూజ్వెల్ట్ వీటిని నేషనల్ ఫారెస్టులుగా ప్రకటించాడు. సామ్ హ్యూస్టన్, డేవీ క్రాకెట్, ఏంజెలీనా, సబీన్ అని మొత్తం నాలుగున్నాయి. ఈ అడవి మన ఊరి చెరువు లాంటిది. ఎవరి సొంతమూ కాదు, ఊరందరిదీ, అందుకే ఊరందరూ కనిపెట్టుకుని ఉండాలి. నిన్నగాక మొన్న ఈ దేశం వచ్చినవాడికీ, అయిదు తరాలుగా ఇక్కడే ఉన్నవాడికీ ఇక్కడ హక్కు ఒక్కటే. నాకు ఆ మాట తల్చుకుంటేనే గుండె నిండుతుంది.

ఇక కాగితాల సంగతి. 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళంతా హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తిచేయాలి. పదిహేడేళ్ళు నిండితే మొత్తం ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. తర్వాత వేట లైసెన్సు. టెక్సస్‌లో ఆర్నెల్లుగా ఉంటున్నవాళ్ళకి 25 డాలర్లు. దానికి తోడు యాన్యువల్ పబ్లిక్ హంటింగ్ పర్మిట్ ఒకటి తీసుకోవాలి, 48 డాలర్లు. ఈ ఒక్క పర్మిట్‌తో రాష్ట్రమంతటా సుమారు పది లక్షల ఎకరాల్లో అడుగుపెట్టచ్చు. సినిమాలకీ, హోటళ్ళకీ ఒక శనివారం పెట్టే ఖర్చు ఇది. దాంతో ఏడాది పొడుగునా అడవి మీది.

మనవాళ్ళు మరీ జాగ్రత్తగా వినాల్సిన విషయం ఇంకొకటుంది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. కొనడం ఒక్కటే కాదు, స్నేహితుడి తుపాకీ కాసేపు చేతిలోకి తీసుకున్నా అదే వర్తిస్తుంది. అయితే ఆ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది. ఇక్కడి రాష్ట్రం ఏదైనా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే పర్వాలేదు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకి ఈ అడ్డే లేదు. అంచేత వరుస తప్పకండి. ముందు క్లాసు, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. ఇక్కడ లైసెన్సు ఏడాది ఆగస్టు 31తో ముగుస్తుంది. ఆ రోజు దాటి కొత్తది తీసుకోకపోతే మీ మినహాయింపూ పోయినట్టే. తుపాకీ కొనేముందు ఒకసారి మీ ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడితే మరీ మంచిది. ఇన్నేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్న బతుకు ఒక శనివారం సరదాకి చెదిరిపోకూడదు.

"అయ్యో, ఉడుతని చంపుతారా నాయనా?" అని తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నన్ను అడిగింది. ఆవిడ అడగడంలో తప్పేమీ లేదు. వారధి కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుత వీపు మీద రాముడి వేళ్ళ గుర్తులు చూస్తూ పెరిగినవాళ్ళం మనం. మన జామచెట్టు మీది చారల ఉడుత అరచేతిలో ఇమిడిపోతుంది. ఇక్కడి ఫాక్స్ ఉడుత పెద్దదైతే కిలో దాకా తూగుతుంది, బూడిదరంగు ఉడుత అర కిలో అటూ ఇటూ. అవి ఏడాదికి రెండు ఈతలు ఈనగలవు, ఈతకి రెండు నుంచి నాలుగు పిల్లలు. డేగలూ, గుడ్లగూబలూ, పాములూ, తిండి లేని చలికాలాలూ కలిసి వాటిలో చాలావాటిని ఏడాది తిరక్కుండానే తీసుకుపోతాయి. లెక్క ప్రకారం మనిషి తీసుకునే పాలు ఆ జాతికి లోటు తేదు. ఆవిడకి నేను చెప్పింది ఇదే: "అమ్మగారూ, ప్రాణం తీయడం తేలిక సంగతి అని నేననను. తీసిన ప్రాణాన్ని వృథా పోనివ్వను, లెక్క దాటను. ఆ మాట మాత్రం ఇవ్వగలను."

ఆ లెక్క అనేది లేనినాడు ఏమైందో ఈ దేశం కళ్ళారా చూసింది. కోట్లకొద్దీ ఎగిరిన ప్యాసెంజర్ పావురాల్ని సంతలో అమ్ముకోవడానికి కాల్చి కాల్చి, చివరికి ఒక్కటే మిగిలింది. దాని పేరు మార్తా. 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో అది కన్నుమూసింది. ఆ దెబ్బలోంచి పుట్టినవే ఇవాళ్టి సీజన్లు, రోజు పరిమితులు, అడవి మాంసం అమ్మకూడదన్న కట్టడి. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. దాని ప్రకారం రైఫిళ్ళ మీద, షాట్‌గన్ల మీద, తూటాల మీద తయారీ దగ్గరే 11 శాతం పన్ను పడుతుంది. ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి వెళ్తుంది. మీరు కొనే తూటాల పెట్టె ధరలో కొంత అలా అడవికే తిరిగి చేరుతుంది.

మన దేశంలో దారి వేరు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేటకి లైసెన్సులిచ్చే పద్ధతే తీసేశారు. అంచేత సెలవులకి ఊరెళ్ళినప్పుడు "అమెరికాలో నేను వేటాడతాను" అని చెవులపిల్లికి ఉచ్చు పెట్టడానికి ఎవరితోనూ బయల్దేరకండి. అక్కడది నేరం. అంత జనం, అంత తక్కువ అడవి ఉన్నచోట అదే న్యాయం కూడా.

సరే, ఇక అడవిలోకి వెళ్దాం.

తూర్పు టెక్సస్‌లో ఉడుతల సీజన్ అక్టోబరు 1న మొదలై ఫిబ్రవరి చివరి ఆదివారం దాకా ఉంటుంది. మళ్ళీ మే నెలంతా. రోజుకి పది మించకూడదు. మొదటిసారి మాత్రం తుపాకీ లేకుండా వెళ్ళండి. తెల్లారేసరికి అడవిలో ఉండండి. తలెత్తి ఉడుత కోసం వెతకకండి, నేల చూడండి. పైన్ చెట్లు ఎన్ని ఉన్నా లాభం లేదు. వాగుల పక్కన పల్లపు నేలల్లో హికరీ, తెల్ల ఓక్ చెట్లు ఎక్కడున్నాయో పట్టుకోండి. హికరీ చెట్టు కింద కూర్చుని రాలిన ఆకులు చేత్తో పక్కకి తొయ్యండి. కొరికి పడేసిన పెంకుల తునకలు కనిపిస్తాయి. ఒకటి తీసి వెలుతురుకి పట్టి చూడండి. అంచుల మీద జంటగా సన్నటి గాట్లుంటాయి, అవి ఉడుత ముందరి పళ్ళ గుర్తులు. తునక లోపలి వైపు లేతగా, తడిగా ఉంటే పొద్దున తిని పడేసిందే. నల్లబడి పొడిబారితే పాతది. తాజా తునకలు గుప్పెళ్ళకొద్దీ దొరికిన చెట్టు కనబడిందా, ఫోనులో గుర్తు పెట్టుకోండి. మీ మొదటి వేట అక్కడే.

వేట రోజున సూర్యోదయానికి అరగంట ముందే ఆ చెట్టుకి పాతిక ముప్ఫై గజాల దూరంలో, మీ భుజాల కన్నా వెడల్పైన మాను చూసుకుని ఆనుకుని కూర్చోండి. ఫోను మాట మర్చిపోండి. మీరొచ్చిన అలికిడికి అడవి బిగుసుకుంటుంది. పావుగంట కదలకుండా ఉంటే మళ్ళీ వదులవుతుంది. ముందు పిట్టలు, తర్వాత ఎక్కడో ఆకుల మీద టపటపా పెంకులు రాలే చప్పుడు. గాలి లేకపోయినా ఒక్క కొమ్మే ఊగుతుంటే కళ్ళు అక్కడ నిలపండి. బూడిదరంగు ఉడుతలు పొద్దు పొడిచీ పొడవకముందే దిగుతాయి. వీటిని ఇక్కడివాళ్ళు క్యాట్ స్క్విరల్ అంటారు. ఫాక్స్ ఉడుతలు నిదానం, ఎండ కాస్త ఎక్కాకా తిరుగుతుంటాయి. రాత్రి వాన పడి తెరిపిచ్చిన ఉదయం దొరికిందా, వదులుకోకండి. తడి ఆకుల మీద మీ అడుగు వినబడదు.

ఉడుత మిమ్మల్ని చూసిందంటే మాను చుట్టూ తిరిగి అవతలికి పోయి అతుక్కుంటుంది. ఇద్దరుంటే ఒకరు నెమ్మదిగా అటు వెళ్ళాలి, అది మళ్ళీ ఇటు వస్తుంది. ఒక్కరే అయితే చిన్న కర్రముక్క అవతలికి విసరండి. ఇంకో మాట. కాల్చగానే లేచి పరిగెత్తకండి. పడినచోటు గుర్తుపెట్టుకుని అలాగే కూర్చోండి. పది పదిహేను నిమిషాల్లో మిగతావి మళ్ళీ కదులుతాయి. అలాగని దెబ్బతిన్నదాన్ని మాత్రం వదిలిపెట్టకండి. అది కదులుతుంటే వెంటనే వెళ్ళి బాధ తీర్చాలి. కాల్చినదాన్ని వెతకకుండా వదిలేయడం, తినగలిగింది పారేయడం టెక్సస్‌లో నేరం. చట్టం లేకపోయినా అది చెయ్యదగిన పని కాదు.

తుపాకీ ఏదంటారా? కొత్తవాళ్ళకి 20 గేజ్ షాట్‌గన్, ఆరో నంబరు రవ్వలు. ముప్ఫై గజాల్లోపు నమ్మకంగా పనిచేస్తుంది. పైకి పోయిన రవ్వలు కొద్ది దూరంలోనే శక్తి పోగొట్టుకుని రాలిపడతాయి. పాయింట్ 22 రైఫిల్ ముచ్చటైన ఆయుధమే, మాంసం పాడవదు, చప్పుడు తక్కువ. కానీ ఆ చిన్న తూటా మైలు దాటి పోగలదు. కొమ్మ మీది ఉడుత వెనక ఆకాశమే ఉంటే కాల్చకూడదు. వెనక లావుపాటి మాను ఉంటేనే మీట నొక్కాలి. దానికి చూపు కుదరాలి, ఓర్పు కుదరాలి. అందుకే రెండో ఏడాదికి అట్టే పెట్టుకోండి.

క్లాసులో చెప్పే నాలుగు సూత్రాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే లెక్క. గొట్టం ఎప్పుడూ మనుషులు లేని వైపే. కాల్చే క్షణం దాకా వేలు మీట మీదికి పోకూడదు. గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలియందే కాల్చకూడదు. దుంగ దాటాలన్నా, వాగు దిగాలన్నా ముందు తూటాలు తీసేయండి. పబ్లిక్ అడవుల్లో తుపాకీ వేటకి నారింజరంగు తప్పనిసరి. మొత్తం 400 చదరపు అంగుళాలు, అందులో ఛాతీ మీద 144, వీపు మీద 144, తలకి టోపీ. నవంబరులో జింకల సీజన్ మొదలయ్యాక ఆ రంగే మీకు రక్ష. ఉడుతకి ఈ రంగు అంతగా పట్టదు, కదలికే పడుతుంది. కాబట్టి నారింజ చొక్కా వేసుకుంటే వేట చెడుతుందన్న భయం పెట్టుకోకండి.

హద్దుల సంగతీ తెలుసుకోండి. ఈ నేషనల్ ఫారెస్ట్ ఒకే ముక్క కాదు. మధ్యమధ్యలో సొంతదారుల నేలలు ఇరుక్కుని ఉంటాయి. ఫోనులో హద్దులు చూపించే మ్యాపు పెట్టుకోండి, సిగ్నలు పోయినా తెరుచుకునేలా ముందే దించుకోండి. చెట్ల మీద ఊదారంగు నిలువు గీత కనిపించిందంటే ఆగిపోవాలి. కనీసం ఎనిమిది అంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పు, నేల నుంచి మూడడుగులకీ అయిదడుగులకీ మధ్య ఉంటుంది. 'లోపలికి రాకూడదు' అని బోర్డు పెట్టినదానితో టెక్సస్ చట్టంలో ఆ గీత సమానం.

టెక్సస్ రాష్ట్ర నిబంధనల్లో కుందేళ్ళకి ప్రత్యేక సీజనూ లేదు, పరిమితీ లేదు. కాటన్‌టెయిల్ దట్టమైన అడవిలో ఉండదు. గడ్డీ, ముళ్ళపొదా కలిసేచోట, నరికిన కొమ్మల కుప్పల కింద నక్కి ఉంటుంది. నాలుగడుగులు వేసి ఆగండి, మళ్ళీ నాలుగు వేసి ఆగండి. మీరు నడుస్తున్నంతసేపూ అది కూర్చునే ఉంటుంది. ఆగినప్పుడే దానికి కంగారు పుట్టి లేస్తుంది. తరిమినా సొంతచోటు వదిలిపోలేక గుండ్రంగా తిరిగి వస్తుంది. బీగిల్ కుక్కలున్నవాళ్ళు ఆ గుణాన్ని నమ్ముకునే వేటాడతారు. ఒక జాగ్రత్త. కుందేళ్ళకి టులరేమియా అనే జబ్బు వస్తుంది, మనుషులకీ అంటుతుంది. చేతులకి గ్లౌజులు లేకుండా కోయకండి. కాలేయం మీద తెల్లటి చుక్కలు కనిపిస్తే తినకండి.

ఉడుతని వొలవడం ఒళ్ళు చల్లారకముందే అయిపోవాలి, చల్లారితే తోలు మొండికేస్తుంది. ముందు నీళ్ళలో తడపండి, వెంట్రుకలు మాంసానికి అంటవు. తోక మొదట్లో, అడుగువైపు చిన్న గాటు పెట్టి ఎముక తెగేదాకా కోయండి. పైతోలు మాత్రం తెగకూడదు. ఆ గాటు నుంచి వీపు మీదికి అటూ ఇటూ వేలెడంత తోలు విడదీయండి. ఇప్పుడు తోకని బూటుతో తొక్కిపట్టి వెనక కాళ్ళు పట్టుకుని పైకి లాగితే తోలు చొక్కా విప్పినట్టు మెడ దాకా వచ్చేస్తుంది. శరదృతువు మొదట్లో తోలు కింద ఈగ పురుగుల బుడిపెలు కనిపించచ్చు. చూడ్డానికి ఇబ్బందిగా ఉన్నా మాంసానికి చెరుపు లేదు.

వంటకి మనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు! లేత ఉడుతైతే వేపుడే. ముదురుదైతే అల్లంవెల్లుల్లి, పసుపు, ఉప్పు పట్టించి కుక్కర్లో మెత్తబడేదాకా ఉడికించి, ఆనక ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, ధనియాలపొడి, గసాల ముద్ద వేసి ఇగరబెట్టండి. హికరీ కాయలు తిన్న ఉడుత మాంసానికి కమ్మటి తీపి ఉంటుంది. కుందేలైనా, ఉడుతైనా లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్ దాటాలి. కుక్కరు ఆ పని చూసుకుంటుంది.

పెద్ద వేటలో ఏడాదికి ఒక్క అవకాశం వస్తే గొప్ప. అది చేజారితే కొత్తవాడు చేతులెత్తేస్తాడు. ఉడుతల అడవిలో ఒకే ఉదయం పదిసార్లు చూడచ్చు, నాలుగుసార్లు గురిపెట్టచ్చు, మూడుసార్లు కాల్చకుండా ఆగిపోవచ్చు. కాల్చకుండా ఆగిన ఆ మూడుసార్లే మిమ్మల్ని వేటగాడిగా తయారుచేస్తాయి. చెట్ల పేర్లు వస్తాయి, గాలి ఎటుందో ఒంటికి తెలుస్తుంది, మీరు కాల్చినదాని బరువు మీ చేతికి తెలుస్తుంది. అది నేర్చుకున్నాక జింక దగ్గరికి వెళ్ళండి. అప్పుడు మీ చెయ్యి తొందరపడదు.

ఈ శని, ఆదివారాల్లో క్లాసు పూర్తిచేయండి, లైసెన్సు తీసుకోండి, ఒక ఉదయం ఉత్త చేతులతో అడవికి వెళ్ళి నేల చూసి రండి. ఇంట్లో పిల్లలుంటే వెంట తీసుకెళ్ళండి, పర్మిట్ ఉన్న పెద్దవాళ్ళు పక్కనుంటే పదిహేడేళ్ళలోపు వాళ్ళకి ఆ 48 డాలర్ల పర్మిట్ అక్కర్లేదు. వచ్చేటప్పుడు మీ ఖాళీ తూటా గొట్టాలతోపాటు ఇంకెవరో పడేసినవీ ఏరుకుని తీసుకురండి. ఎనభై, తొంభై ఏళ్ళ కిందట ఎవరో కుర్రాళ్ళు నాటిన అడవిలో తిరుగుతున్నాం. మన వంతు మనం చెయ్యాలి. మొదటి ఏడాది మీరు నేర్చుకోండి, రెండో ఏడాది దారి తెలియని మరొకరిని మీతో తీసుకెళ్ళండి.